సూది కదలని నడక

బొంబాయి,
28 డిసెంబరు 1983

జహీరాబాదు మొదలు ఝరాసంగం దాకా గల పదకొండు మైళ్ళకు ఏకైక పట్టమహిషి, మా మేనత్త చెన్నమ్మ పాదాలకు మేనల్లుడు ఇంద్రసేన దండం. ఈ ఉత్తరంలో విషయం కూడా పాదాలే కనుక దండాన్ని నేరుగా సంబంధిత శాఖకే పంపుతున్నాను.

నేను క్షేమం. నేను గుమాస్తాగా ఉన్న గడియారాల కంపెనీ కూడా క్షేమం. మెస్సులో పప్పు మాత్రం రోజురోజుకూ పలచబడుతోంది, నిన్న అందులో నా ముఖం చూసుకుని తల దువ్వుకున్నాను.

దసరాకు నేను వచ్చినప్పుడు మీ అరుగు మీద జరిగిన మహాసభ తీర్మానాలను మరొక్కసారి కాగితం మీద పెడుతున్నాను, రేపు ఎవరూ మాట మార్చకుండా. వానాకాలంలో నువ్వు బర్రెల కొట్టంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు. అప్పటి నుంచి నీ కొడుకు, ఆర్టీసీ కండక్టరు, మా బావ రామ్‌కిషన్ నీ నడక మీద నిషేధం విధించాడు. శివరాత్రికి పాలబిందె నెత్తిన పెట్టుకుని ఝరాసంగం సంగమేశ్వరుడి దగ్గరికి నడిచిపోవడం ఇక బంద్ అన్నాడు. "ఇరిగింది చెయ్యి, నడిచేది కాలు" అని నువ్వన్నావు. న్యాయశాస్త్రంలో దీనికి జవాబు లేదు. "బస్సులున్న కాలంల కండక్టరు తల్లి నడుసుకుంట పోతే డిపోల నా ఇజ్జత్ ఏం కావాలె" అని బావ అన్నాడు. దీనికీ లేదు.

చివరికి దవాఖాన డాక్టరు గారి మాట మీద రాజీ కుదిరింది. నెలరోజులు రోజుకు మూడు మైళ్ళు నడవగలిగితే నువ్వు నడిచే పోవచ్చు. లేకపోతే బావ బస్సులో, ఆడవాళ్ళ సీటులో, బిందె ఒళ్ళో పెట్టుకుని. మొక్కు ప్రకారం బిందె నెత్తి మీది నుంచి దిగకూడదని నాకు తెలుసు. ఇది నలభయ్యో బిందె అని కూడా తెలుసు. అందుకే ఈ పని నెత్తికెత్తుకున్నాను.

మూడు మైళ్ళు నడిచావని సాక్ష్యం ఎవరు చెప్పాలన్నదే కదా మిగిలిన పేచీ. సాక్షిని పంపుతున్నాను. మీ పక్క నుంచి అల్లం బస్తాలు ఇక్కడి మార్కెట్టుకు తెచ్చే లారీ నర్సింలు చేతికి ఒక డబ్బా ఇచ్చాను. లోపల ఉన్నది జేబు గడియారంలా కనిపిస్తుంది, కానీ టైము చెప్పదు. నడుముకు తగిలించుకుని నడిస్తే ఎన్ని మైళ్ళు నడిచావో సూది చూపిస్తుంది. జపాను వాళ్ళు చేశారు. మా ఆఫీసుకు నమూనాగా రెండు వచ్చాయి, ఎవరూ కొనలేదు, ఎందుకంటే బొంబాయిలో ఎవరికీ తాము ఎంత దూరం వచ్చామో తెలుసుకునే ఓపిక లేదు.

పొద్దున సూదిని సున్నా మీద పెట్టు. వారానికొకసారి లెక్క నాకు రాయించు. నేను నిష్పక్షపాతంగా తీర్పు రాసి బావకు పంపుతాను. నువ్వు మేనత్తవని గానీ, చిన్నప్పుడు మీగడ పెట్టావని గానీ చూడను.

ధర్మపీఠం మీద కూర్చున్న, కూర్చున్నచోట స్ప్రింగు పొడుచుకుంటున్న
ఇంద్రసేన


జహీరాబాదు,
9 జనవరి 1984

అల్లుడు ఇంద్రసేనకు చెన్నమ్మత్త దీవెనలు. చెప్పేది నేను, రాసేది కోడలు భాగీరథి. అది తన సొంత మాటలు కలపొద్దని ముందే చెప్పిన. (తమ్ముడూ, నేను కలపను. – భాగీరథి)

నర్సింలు డబ్బ తెచ్చి ఇచ్చిండు. బొంబాయిల నువ్వు బక్కగైనవని చెప్పిండు. పప్పు పలచగుంటె పలచగుండనియ్, నువ్వు అడుగుకెల్లి పోయించుకో. సిగ్గుపడి మీద మీద తింటె గట్లనె ఉంటది.

నీ మీటరు మంచిగున్నది. మెరుస్తున్నది. పక్కింటి సంగమ్మ చూసి "టైమెంతైందక్కా" అన్నది. "టైము కాదే, మైళ్ళు" అన్న. "మైళ్ళెంతైనయక్కా" అన్నది. చూస్తె పావు.

గదే నా పంచాయితి. పావు మైలేంది. పొద్దుగాల బర్రెలకు గడ్డి ఏసి, చాయ్ తాగి, ఇంటికెల్లి రైలుగేటు దాంక పోయిన. గేటు ఏసి ఉండె, గూడ్సు బండి పోయేదాంక నిలవడ్డ. ఆన్నించి బొంబాయి సడక్ మీదికి, సడక్ మీదికెల్లి చెరుకు కాటా దాంక, మళ్ళ మార్కెట్టు తోవల ఇంటికి. కోసున్నర, అంటె మూడు మైళ్ళ కంటె ఎక్కువనె. లారోళ్ళు హారన్లు కొట్టి కొట్టి నా చెవులు పోయినయి. ఇంటికొచ్చి చూస్తె సూది సున్నకు జర పక్కకు జరిగి పండుకున్నది.

మరునాడు మళ్ళ పోయిన. మళ్ళ గంతె. మూడోనాడు ఇంకింత దూరం పోయిన. గప్పుడు పావు కూడ లేదు.

రామ్‌కిషన్ డ్యూటీ దిగి వచ్చి చూసిండు. "అమ్మా, ఇంట్లకెల్లి అరుగు మీదికి, అరుగు మీదికెల్లి ఇంట్లకు. లెక్క సరిపాయె" అన్నడు. నేను ఒక మాటన్న. (ఆ మాట నేను రాయను. – భాగీరథి)

జపానోళ్ళకు మైలంటె ఎంతనో కనుక్కో. ఆళ్ళ మైలు పెద్దదేమొ.

బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది. నెత్తి మీద తెల్ల మచ్చ ఉన్నది.

నీ అత్త
చెన్నమ్మ


బొంబాయి,
16 జనవరి 1984

పాదచారిణీ, దుడ్డెకు దీవెనలు.

ముందు జపాను మీద వేసిన అభియోగం కొట్టివేయడమైనది. మైలు అక్కడా ఇక్కడా ఒకటే. నా దగ్గర మిగిలిన రెండో మీటరును నడుముకు కట్టుకుని ఆఫీసు నుంచి గదికి నడిచాను. మైలున్నర చూపింది. నిజంగానే మైలున్నర. మధ్యలో వడాపావు బండి దగ్గర ఆగినంతసేపూ సూది కూడా మర్యాదగా ఆగింది.

కనుక విచారణను జహీరాబాదు వైపు తిప్పవలసి వస్తోంది. నువ్వు మీటరును ఎక్కడ పెట్టుకుంటున్నావో ఉత్తరంలో లేదు. నాకు చూడకుండానే తెలుసు. వక్కాకు సంచిలో. తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, రెండు లవంగాలు, వాటి నడుమ జపాను యంత్రం. అది ఊపిరాడక పడుకుంటుంది అత్తా. దాన్ని సంచిలోంచి తీసి, సున్నం తుడిచి, చీర కుచ్చిళ్ళ దగ్గర నడుముకు గట్టిగా తగిలించు.

ఈ వారం లెక్క బావకు పంపవలసి ఉంది. న్యాయమూర్తి కళ్ళు మూసుకుని 'సాక్షికి జలుబు చేసింది, వాయిదా' అని రాశాడు. ఇంతకన్నా పక్షపాతం నాకు చేతకాదు.

నీ
ఇంద్రసేన


జహీరాబాదు,
25 జనవరి 1984

అల్లుడా,

సంచిల పెట్టుకున్నది నిజమే. ఎట్ల తెలిసిందిర నీకు. భాగీరథి చెప్పిందనుకొని దాన్ని తిట్టిన. (తిట్టింది. – భాగీరథి)

నువ్వు చెప్పినట్లె నడుముకు తగిలించిన. చిమ్టలెక్క గట్టిగ పట్టుకున్నది. రైలుగేటు పోయిన, చెరుకు కాటా పోయిన, మార్కెట్టు పోయిన. పావు. మరునాడు పావు. సోమారం నాడు ఎంకటాపూరు తోవల ఇంకింత దూరం పోయి వచ్చిన, అరమైలు కూడ కాలె. నా కాళ్ళు చెప్తున్నయి మూడు మైళ్ళు దాటిందని. సూది చెప్తున్నది పావని. ఎవ్వలను నమ్మాలె.

నాకు షక్ వచ్చి, మీటరుదే తప్పేమొ అని పక్కింటి సంగమ్మ నడుముకు కట్టిన. అది పిండి గిర్నికి పోయి జొన్నలు పట్టించుకొని వచ్చింది. గిర్ని ఎక్కడున్నదో నీకు ఎరుకే, మన గల్లి దాటి అరమైలుకు జర ఇటే. అది వచ్చినంక చూస్తె మైలుకు జర తక్కువ. ఆ ముండకు ఇగ భూమి మీద కాలు ఆగుత లేదు. గల్లి గల్లి తిరిగి "నేను చెన్నమ్మక్క కంటె నాలుగింతలు నడుస్తనంట, బొంబాయి మీటరు చెప్పింది" అని చెప్తున్నది. అది నడుస్తుంటె ఇంట్ల గిన్నెలు కదుల్తయి, గంత దబదబ ఏస్తది కాలు. అయినా నాకంటె ఎక్కువ నడిచిందంట.

మీటరు ఖరాబైతె సంగమ్మకు గూడ తప్పు చూపాలె గద. నాకొక్కదానికే ఎందుకు చూపుతది. నా మీద ఏమన్న పగనా దానికి.

రామ్‌కిషన్ "అమ్మా, ఇగ ఊకో. బస్సుల కిటికీ సీటు ఇప్పిస్త, బిందెకు హాఫ్ టికెట్ కొడ్త" అన్నడు. ఆడు నవ్వుకుంట అన్నడు. నేను పొయ్యి దిక్కు తిరిగిన.

అల్లుడా, శివరాత్రికి నెల దాటి నాలుగు దినాలున్నది. మా అమ్మ మొక్కిన మొక్కు ఇది. ముప్ఫై తొమ్మిది బిందెలు దించకుంట మోసిన. నలభయ్యోది బస్సుల పెట్టి పొమ్మంటవా. జర మంచిగ ఆలోచించి రాయి. కిసుక్కున రాయకు.

నీ అత్త
చెన్నమ్మ


బొంబాయి,
31 జనవరి 1984

అత్తా,

మంచిగా ఆలోచించాను. ఆలోచన మూడు ట్రాము స్టేషన్లంత దూరం సాగింది, అయితే ఇక్కడ ట్రాములు ఎత్తేసి చాలా ఏళ్ళయింది.

శాస్త్రం ఏం చెబుతోందంటే, మీటరు సంగమ్మక్క నడుము మీద నిజం చెప్పింది, నా నడుము మీద నిజం చెప్పింది. రెండు నడుముల మీద సత్యహరిశ్చంద్రుడిగా ఉన్నది మూడో నడుము మీద అబద్ధాలకోరు ఎలా అవుతుంది? దానికి నోరు లేదు, బంధువులు లేరు, మన ఇంటి పంచాయితీల్లో పక్షం లేదు. కాబట్టి నువ్వు రైలుగేటు దగ్గర గూడ్సు బండి పోయేదాకా నిలబడ్డానన్నావే, అక్కడే ఏదో జరుగుతోందని నా అనుమానం. ఆ గేటు దగ్గర చాయ్ బండి ఉంది. దాని పక్కన బల్ల ఉంది. నడక కొంత కాళ్ళతోనూ మిగిలింది మనసుతోనూ జరుగుతున్నట్టుంది. మనోవేగం గొప్పదే, కానీ జపాను వాళ్ళింకా దానికి సూది కనిపెట్టలేదు.

న్యాయం తప్పలేను. బావకు రాశాను, ఈ ఏడు బస్సే అని. కిటికీ సీటు ఖాయం. బిందెకు హాఫ్ టికెట్ కూడా వద్దు, దానికి వయసు నలభై అని నేను వాదిస్తాను, కానీ ఎత్తు తక్కువ కాబట్టి మినహాయింపు అడుగుదాం.

నవ్వుతూ తీర్పు చెప్పిన
ఇంద్రసేన


జహీరాబాదు,
8 ఫిబ్రవరి 1984

ఇంద్రసేనకు,

నీ ఉత్తరం రామ్‌కిషన్ రెండుసార్లు చదివి నవ్విండు. నేను నవ్వలె.

రైలుగేటు కాడ చాయ్ బండి ఉన్నది. బల్ల ఉన్నది. నేను దాని మీద ఒక్కనాడు కూసోలె.

నువ్వు పుట్టిన దినం మన ఊరు న్యాల్‌కల్‌కు బస్సు లేకుండె. కబురు అందినంక నెయ్యి గిన్నె నెత్తి మీద పెట్టుకొని నేను జహీరాబాదుకెల్లి ఎట్ల వచ్చిన్నో, మీ నాయనకు ఉత్తరం రాసి అడుగు. అప్పుడు మీటరు లేకుండె. నేను రాలేదనుకో.

నీ మీటరును నిన్న రామ్‌కిషన్ బెల్టుకు తగిలించిన. ఆడు బీదర్ బస్సుల డ్యూటీకి పోయిండు. పొద్దుకు దిగి వచ్చినంక చూస్తె తొమ్మిదిన్నర మైళ్ళు. "చూసినవా అమ్మా, బస్సుల ఉండి గూడ నీకంటె ఎక్కువ నడిచిన" అన్నడు. ఆడు మంచోడే, ఆడు నమ్ముతున్నడు గది. నువ్వు గూడ నమ్ముతున్నవు. ఇగ నేనేం చెప్పాలె.

మీటరును డబ్బల పెట్టిన. నర్సింలు వచ్చినప్పుడు పంపిస్త.

చెన్నమ్మ

(తమ్ముడూ, అత్తమ్మ దీవెనలు రాయమనలేదు. నేను అడిగిన, వద్దన్నది. రెండు దినాల సంది బయటికి పోతలేదు. శివరాత్రికి నెత్తి మీద బిందె కింద పెట్టుకునే సుట్టబట్ట కొత్తది కుట్టి పెట్టుకున్నది, దాన్ని మళ్ళ పెట్టెల పెట్టింది. – భాగీరథి)


బొంబాయి,
13 ఫిబ్రవరి 1984

అత్తా,

ఈ ఉత్తరానికి బిరుదులు లేవు. నువ్వు దీవెనలు ఆపేశావు కాబట్టి వాటిని వాడుకునే అర్హత నాకు లేదు.

మా నాయనను అడగవలసిన పని లేదు. ఆ నెయ్యి గిన్నె కథ చిన్నప్పటి నుంచి ఏటా వింటున్నాను. పన్నెండు మైళ్ళు నడిచి వచ్చావు, గిన్నె దించాక "పిల్లగాడు నల్లగున్నడు" అన్నావు. నేను ఈ లోకంలోకి వచ్చినందుకు మొదటి సాక్షివి నువ్వు. అలాంటి సాక్షిని ఒక సూది మాట విని కాదన్నాను. నవ్వుతూ కాదన్నాను, అది ఇంకా తప్పు.

అయితే నీ ఉత్తరంలో ఒక్క మాట నన్ను కుర్చీలోంచి లేపింది. బావ తొమ్మిదిన్నర మైళ్ళు నడిచాడా? బస్సు ఎంత పొడవుందని? ముందు తలుపు నుంచి వెనక సీటుకు ఇరవై అడుగులు. తొమ్మిదిన్నర మైళ్ళంటే బీదర్‌కు బావ కూడా బస్సుతో పాటు పక్కన పరుగెత్తాలి.

నా దగ్గరున్న మీటరును పట్టుకుని మా కంపెనీలో గడియారాలు విప్పే మాణిక్ దగ్గరికి పోయాను. ఆయన కంటికి అద్దం పెట్టుకుని మూత తీశాడు. లోపల చిన్న తూనికగుండులాంటిది సన్నటి స్ప్రింగుకు వేలాడుతోంది. "దీనికి అడుగులు తెలియవు సాబ్, కుదుపులు తెలుసు" అన్నాడు మాణిక్. మనిషి దబ్బుమని కాలు వేసినప్పుడు గుండు కిందికి పడి లేస్తుంది, సూది ఒక పన్ను జరుగుతుంది. అంతే దాని చదువు. బీదర్ రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా బావ ఒక అడుగు నడిచినట్టు. సంగమ్మక్క గిన్నెలు కదిలేలా నడుస్తుంది కనుక ఆమె దానికి మహారాణి.

మాణిక్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, నీళ్ళ మీద పోతున్నట్టు గది ఈ మూల నుంచి ఆ మూలకు నెమ్మదిగా పోయాడు. సూది కదల్లేదు.

నాకు అప్పుడు వెలిగింది. నువ్వు నడవకపోవడం కాదు. నీ నడకలో కుదుపు లేదు. ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. మనుషులన్నాక కుదుపుతారు. నువ్వెలా నడుస్తున్నావు అత్తా?

బావకు వేరే ఉత్తరం రాశాను, నా తీర్పును నేనే కొట్టేస్తున్నానని. బావ వింటాడన్న నమ్మకం లేదు, ఆయనకు తన తొమ్మిదిన్నర మైళ్ళ మీద మమకారం పుట్టి ఉంటుంది. అందుకని ఒక మనవి. పది రోజులు సంగమ్మక్కలా నడువు. దబ్, దబ్. సూదికి అర్థమయ్యే భాషలో. సుట్టబట్టను పెట్టెలోంచి తియ్యి.

దోషి
ఇంద్రసేన


జహీరాబాదు,
20 ఫిబ్రవరి 1984

అల్లుడు ఇంద్రసేనకు చెన్నమ్మత్త దీవెనలు. ఆపినయి గూడ కలిపి పంపుతున్న, మూడు ఉత్తరాలవి.

"పిల్లగాడు నల్లగున్నడు" అన్నది నిజమే. ఇప్పుడు గూడ నల్లగనే ఉన్నవు.

నువ్వు చెప్పినట్లె ఒక్కదినం దబదబ నడిచిన. సందు దాటలేదు, "కాలికి ముల్లు ఇరిగిందా అక్కా" అని ఒకామె అడిగింది. ఇంకొకామె "ఎవ్వలి మీద కోపమే" అన్నది. బోరింగు కాడికి పోయి నీళ్ళ బిందె ఎత్తుకొని గట్లనె నడుసుకుంట వచ్చిన. నెత్తి మీదికెల్లి నీళ్ళు ఒలికి రైక తడిసింది. అల్లుడా, నాకు ఎనిమిదేండ్లప్పటి సంది నా నెత్తి మీదికెల్లి చుక్క ఒలకలె. ఇంటికొచ్చి మీటరు చూస్తె మైలు దగ్గర్కొచ్చింది. సూది సంబరపడుతున్నది, నేను తడిసి నిలవడ్డ. గీ బుద్ధి లేని దాని కోసం నా నడక చెడగొట్టుకోవాల్నా అనిపించింది. మళ్ళ గట్ల నడువలె.

ఎట్ల నడుస్తవని అడిగినవు. ఎవ్వలూ అడగలె గింతవరకు. మా అమ్మ చల్ల అమ్మేది. ఎనిమిదేండ్లప్పుడు నా నెత్తి మీద నిండు చల్ల ముంత పెట్టి, "న్యాల్‌కల్ అంగడి దాంక పో. చుక్క పడితె గా పూట అన్నంల చల్ల లేదు" అన్నది. నెల దినాలు చల్ల లేకుంటనె తిన్న. తర్వాత పడలె. మడమ ముందుగాల ఆనాలె, మోకాలు మెత్తగుండాలె, నడుము ఒక్కటే కదలాలె, మెడ ఎవ్వలదో అన్నట్టు ఉండాలె. గంతే. బిందె లేకున్నా కాళ్ళకు గదే అలవాటు. సంగమ్మ తల్లిగారోళ్ళకు ఇంట్లనె బాయి ఉండె. దానికెట్ల వస్తది.

రామ్‌కిషన్‌కు నీ ఉత్తరం భాగీరథి చదివి ఇనిపించింది. "ఓడిపోయినోళ్ళు మీటరునే తప్పంటరు" అన్నడు. (తొమ్మిదిన్నర మైళ్ళు డిపోల అందరికి చెప్పుకున్నడు తమ్ముడూ. – భాగీరథి)

నేనన్న, "సరే బిడ్డా. ఐతారం నీకు డ్యూటీ లేదు. మీటరు నీ నడుముకే కట్టుకో. నా ఎంబడి నడువు. నేను నడిచినంత నడువు. ఎవ్వలు ముందుగాల కూసుంటె ఆళ్ళు ఓడినట్టు."

నిన్న పొద్దుగాల ఎల్లినం. ఆడు బూట్లేసుకున్నడు. రైలుగేటు దాంక ముచ్చట చెప్పుకుంట వచ్చిండు. సడక్ మీద ముచ్చట బంద్ అయింది. చెరుకు కాటా కాడ "అమ్మా, జర మెల్లగ" అన్నడు. నేను మెల్లగనె నడుస్తున్న. మార్కెట్టు కాడ మైలురాయి ఉన్నది చూడు, దాని మీద కూసున్నడు. బూటు ఇప్పిండు. మీటరు చూసుకున్నడు. మూడుంబావు.

సూదిని గోరుతోని కొట్టి చూసిండు. "అమ్మా, దినాం గీ దూరమేనా నువ్వు నడిచేది" అన్నడు. "దినాం" అన్న. "నాకు చెప్తె నమ్మకపోతినే" అన్నడు. "గదే గద" అన్న.

ఇంటికొచ్చినంక అన్నడు, "శివరాత్రికి నడుసుకుంటనె పో. గాని ఒక్కదానివి పోవద్దు. నేను గూడ వస్త. మీటరు కట్టుకొని వస్త." డిపోల సెలవు రాసిచ్చిండు. ఏమని రాసిండంటె "తల్లితో నడుచుట కొరకు" అని రాసిండంట.

సుట్టబట్ట పెట్టెలకెల్లి తీసిన.

నీ అత్త
చెన్నమ్మ


బొంబాయి,
24 ఫిబ్రవరి 1984

మళ్ళీ సింహాసనమెక్కిన మహారాణీ,

ఉత్తరం అందగానే ఆఫీసులో గట్టిగా చదివాను. మాణిక్‌కు తెలుగు రాదు, అయినా "మెడ ఎవ్వలదో అన్నట్టు" అన్న చోట ఆయన మెడ నిటారుగా పెట్టాడు.

ఈ ఏడు శివరాత్రి ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పడింది. నాలుగేళ్ళకొకసారి వచ్చే తారీఖు. ప్రభుత్వం వారు కేలండరులో ఒక రోజు అదనంగా ఇచ్చింది బావ పాదయాత్ర కోసమేనని నా నమ్మకం. మామూలు సంవత్సరాలకు అంత బలం లేదు.

బావకు చెప్పు, బూట్లు వద్దని, పాత చెప్పులు వేసుకొమ్మని. నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. న్యాయమూర్తి పదవికి రాజీనామా చేశాను. ఆ కుర్చీలో స్ప్రింగు కూడా నన్నే పొడుస్తోంది.

రాజీనామా చేసిన
ఇంద్రసేన


జహీరాబాదు,
4 మార్చి 1984

అల్లుడా,

పోయి వచ్చినం. కూసొని చెప్తున్న, భాగీరథి నిమ్మలంగ రాస్తున్నది.

కోడి కూయంగనె పాలు పిండి, ఇత్తడి బిందె నిండ పోసి, మీద మోదుగాకు కప్పి ఎత్తుకున్న. ఇరిగిన ఎడమ చెయ్యి జర జివ్వుమన్నది, తర్వాత ఊకున్నది. రామ్‌కిషన్ చెప్పులేసుకున్నడు, బెల్టుకు మీటరు పెట్టుకున్నడు. సంగమ్మ మల్పు దాంక సాగనంపింది. గిన్నెలు కదిలినయి.

మూడు మైళ్ళ దాంక ఆడు మంచిగనే నడిచిండు, మొన్న ఐతారం నేర్చుకున్నడు గద. నాలుగో మైలు కాడ కూసున్నడు. నేను బిందె దించొద్దు, గందుకని నిలవడ్డ. ఆడు కూసునుడు, నేను నిలవడుడు. గట్ల నాలుగు జాగలల్ల. చూసేటోళ్ళు, మొక్కు ఆడిదనుకున్నరేమొ. ఒక ముసలామె "పాపం, కొడుకుకు బాగలేదా అమ్మా" అని నన్ను అడిగింది.

ఏడో మైలు కాడ బస్సు వచ్చింది. ఝరాసంగం స్పెషలు. ఆడి దోస్తు వీరన్న కండక్టరు. మమ్ముల చూసి బెల్లు కొట్టి ఆపిండు. తలుపులకెల్లి వంగి "ఏం రామ్‌కిషన్ సాబ్, కొట్టాల్నా రెండు టికెట్లు" అన్నడు. బస్సుల ఉన్నోళ్ళంత మా దిక్కే చూస్తున్నరు. రామ్‌కిషన్ కాళ్ళు చూసుకున్నడు. బొబ్బలెక్కినయి. నా మొఖం చూసిండు. నేను ముందుకే చూస్తున్న, మెడ తిప్పరాదు గద.

ఆడు బస్సును చేత్తోని రెండు దెబ్బలు కొట్టి "రైట్" అన్నడు. బస్సు పోయింది.

అల్లుడా, ఇరవై ఏండ్ల సంది ఆడు రైట్ అంటున్నడు. నాకు మంచిగ ఇనబడింది మాత్రం గా దినమే.

గుడి కనబడంగ ఆడు మీటరు చూసిండు. పదికి దగ్గరున్నది. దాన్ని ఇప్పి, సూది సున్న మీద పెట్టి, నా నడుముకు తగిలించిండు. "ఇగ నువ్వు నడువు, చూద్దాం" అన్నడు. కడమ మైలు గట్ల నడిచిన. గుడి ముంగట బిందె దించినంక ముందుగాల మోదుగాకు తీసి చూసిండు. పాలు అంచు దాంక ఉన్నయి. గప్పుడు మీటరు చూసిండు. సున్న.

"అమ్మా, నువ్వు రానే రాలేదే. మీటర్ల లేదు" అన్నడు. నవ్వుకుంట అన్నడు, కండ్లల్ల నీళ్ళు తీసుకుంట అన్నడు. చుట్టు ఉన్నోళ్ళకు ఏమర్థమైతది. నేను గూడ నవ్విన. పూజారి పాలు తీసుకున్నడు.

వచ్చేటప్పుడు బస్సుల వచ్చినం. వీరన్నే. నాకు కిటికీ సీటిచ్చిండు. బిందె ఖాళీది, ఒళ్ళె పెట్టుకున్న. దానికి టికెట్ కొట్టలె.

రామ్‌కిషన్‌కు కాళ్ళు వాచినయి. భాగీరథి ఉప్పు నీళ్ళల్ల పెట్టించింది. (నాలుగు దినాల సంది "అమ్మా, మోకాలు మెత్తగ అంటె ఎట్ల" అని అడుగుతున్నడు. – భాగీరథి)

మీటరును ఉంచుతనన్నడు రామ్‌కిషన్. నేను వద్దన్న, నర్సింలు చేతికి ఇచ్చి పంపుతున్న, అల్లం ఒక సంచి గూడ. నడువరానోళ్ళకు పనికొస్తది. నీ దగ్గర ఉండనియ్.

నీ అత్త
చెన్నమ్మ


బొంబాయి,
12 మార్చి 1984

అత్తా,

మీటరు, అల్లం క్షేమంగా చేరాయి. నర్సింలు ఇస్తూ "మీ అత్త ఇది నీకే అవసరం అన్నది" అని చెప్పి నా కాళ్ళ వైపు చూశాడు.

ఆ మాటను నేను ఆజ్ఞగా తీసుకున్నాను. రోజూ సాయంత్రం గది నుంచి సముద్రం గట్టు దాకా ఒక మైలు, స్టీలు గ్లాసు నిండా నీళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాను. బొంబాయి గొప్ప ఊరు అత్తా, ఎవరూ తిరిగి చూడరు. ఒక్క పోలీసాయన మాత్రం ఆపి, నేను మొక్కు తీర్చుకుంటున్నానని చెబితే దండం పెట్టి పంపాడు.

లోకంలో ఈ మీటరు కొన్నవాళ్ళందరూ సూది పెరగాలని చూస్తారట. నేను తగ్గించే పనిలో ఉన్నాను. మొదటి రోజు ఒక మైలుకు ఒక మైలే చూపింది. చొక్కా మొత్తం తడిసింది. మూడో రోజుకు ముప్పావు. నిన్న ముప్పావుకు కొంచెం కింద, తడిసింది భుజం ఒక్కటే. మాణిక్ రోజూ పొద్దున లెక్క అడిగి, తక్కువైతే చాయ్ ఇప్పిస్తున్నాడు.

వచ్చే శివరాత్రికి నెల ముందే సెలవు రాసిస్తాను, కారణం బావ రాసిందే రాస్తాను. నలభై ఒకటో బిందె నీది. నాకు ఒక చిన్న చెంబు చాలు, సగం నింపి ఇయ్యి. మీటరును బావ నడుముకే కడదాం, ముగ్గురిలో ఎవరో ఒకరు నడిచినట్టు సాక్ష్యం ఉండాలి కదా.

మెడ ఎవరిదో అన్నట్టు పెట్టుకుని రాస్తున్న
నీ నల్లటి అల్లుడు
ఇంద్రసేన